చవకలో పాత బండి కొనొచ్చా? వైజాగ్‌లో కొత్తగా బండి నేర్చుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు

మా పిన్ని కొడుకు దగ్గర్నుంచి ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ల దాకా, ఏడాదికి పదిమందైనా ఫోన్ చేసి "అన్నా, పాతిక వేలకి బండి ఉందంట, తీసుకోనా?" అని అడుగుతారు. ప్రతివాడికీ గంటసేపు చెప్పడం, వాడు అందులో సగం మర్చిపోయి సాయంత్రం మళ్లీ ఫోన్ చెయ్యడం, ఇదే గొడవ. అందుకని ఒకచోట రాసి పెట్టేశాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌటు ఏదో దాని దగ్గరికే వెళ్లిపోండి. నేను మెకానిక్‌ని కాదు. పదేళ్లలో నాలుగు పాత బళ్లు కొన్నాను, ఒకదానితో బాగా దెబ్బతిన్నాను, మిగతా మూడూ బాగానే నడిచాయి. రిపేర్ల ఖర్చులు ఈ ఊళ్లో నేను పెట్టినదాన్ని బట్టి చెబుతున్నవి, కాస్త అటూ ఇటూ ఉంటాయి.

## కొనాలా, వద్దా

నాకు బండి నడపడమే రాదు. నేర్చుకుని కొనాలా, కొని నేర్చుకోవాలా?

ముందు నేర్చుకోండి. నడపడం రానివాడు బండి చూడ్డానికి వెళ్తే సీటు మీద కూర్చుని అద్దంలో చూసుకుని రావడమే తప్ప, క్లచ్ జారుతోందో బ్రేకు పడుతోందో తెలీదు, ఆ సంగతి అమ్మేవాడికి రెండు నిమిషాల్లో అర్థమైపోతుంది. బావదో ఫ్రెండ్‌దో పాత స్ప్లెండర్ తీసుకుని నాలుగు ఆదివారాలు గ్రౌండ్‌లో తిప్పితే గేర్లు వచ్చేస్తాయి. రోడ్డెక్కే ముందు ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) తీసుకోండి. గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి, ఎల్ఎల్ఆర్ 6 నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల తర్వాత లైసెన్సు టెస్టుకి వెళ్లొచ్చు. ఎల్ఎల్ఆర్ మీద ఉన్నన్నాళ్లూ బండికి ఎల్ బోర్డు ఉండాలి, లైసెన్సు ఉండి నేర్పించే మనిషిని తప్ప వెనకాల ఎవర్నీ ఎక్కించుకోకూడదు.

కొత్తది ఈఎమ్ఐలో తీసుకుంటే టెన్షన్ ఉండదు కదా, పాతది ఎందుకు?

రోజూ మధురవాడ నుంచి గాజువాక వెళ్లి రావాల్సిన ఉద్యోగమైతే నేను కూడా కొత్తదే తీసుకోమంటాను. పోనూ రానూ యాభై కిలోమీటర్లకి పైనే, దారిలో ఆగిపోతే ఆ రోజు జీతం పోతుంది. అలా కాకుండా కాలేజీకీ, బజారుకీ, వారానికోసారి బీచ్‌కీ అయితే పాతది చాలు. ఇంకో సంగతి, మొదటి ఏడాది మీరు బండిని కనీసం రెండుసార్లు కింద పడేస్తారు. లక్ష పెట్టిన బండి గీసుకుపోతే నిద్ర పట్టదు, పాతిక వేల బండికి అప్పటికే నాలుగు గీతలు ఉంటాయి. బేరమాడేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్లకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తదే అంత తగ్గాక, పాత షోరూమ్ ధర చూపించి రేటు చెప్పేవాడితో ఆ మాట అనండి.

నా దగ్గర ముప్పై వేలు ఉన్నాయి. ముప్పై వేల బండి కొనొచ్చా?

కొనకూడదు, ఇరవై వేల బండి కొనాలి. మిగతా పదీ బండే తింటుంది. చైన్ సెట్టు పద్నాలుగు వందలు, టైర్లు రెండూ మార్చాల్సొస్తే మూడున్నర వేలు, బ్యాటరీ పదమూడు వందలు, ఆయిలూ బ్రేక్ షూలూ కేబుళ్లూ కలిపి వెయ్యి, మంచి హెల్మెట్ పదిహేను వందలు, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు (మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) జీఎస్టీతో కలిపి ఎనిమిదిన్నర వందలు. కూడితే తొమ్మిదిన్నర వేలు దాటింది, పేరు మార్పిడి ఖర్చు ఇంకా వెయ్యనే లేదు. ఇవన్నీ ఒకేసారి రావు, నిజమే, కానీ ఏదో ఒకటి మొదటి నెలలోనే వస్తుంది. ఉన్న డబ్బంతా బండికే పోసేసి, అరిగిపోయిన టైరుతో వానాకాలంలోకి దిగినవాళ్లని చూశాను.

గేర్ల బండి ఎందుకు, స్కూటీ కొంటే సరిపోదా?

సరిపోతుంది. ఇంట్లో అమ్మ, చెల్లి కూడా నడపాలంటే స్కూటీయే కొనండి. కాకపోతే పాత స్కూటీలో బెల్టు, రోలర్లు ఎంత అరిగాయో పైకి కనపడదు, ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. కాబట్టి ఇద్దరు కూర్చుని ఎత్తు మీద నడిపి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

## ఏ బండి, ఎక్కడ

మొదటి బండిగా ఏది తీసుకోమంటారు?

స్ప్లెండర్, ప్యాషన్, షైన్, ప్లాటినా, ఈ తరహావి. మీ ఫ్రెండ్స్ "ముసలాళ్ల బండి" అని నవ్వుతారు, నవ్వనివ్వండి. స్ప్లెండర్ 1994 నుంచి అమ్ముతున్నారు, కంచరపాలెంలో ఏ షెడ్డుకి వెళ్లినా దాన్ని కళ్లు మూసుకుని విప్పి బిగిస్తారు, సామాను ప్రతి సందులోనూ దొరుకుతుంది. బరువు 110 కిలోల చిల్లర, పడిపోతే ఒక్కరే లేపుకోవచ్చు. ఒక్కటి చూసుకోండి, స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ ముందుకి నొక్కడమే, పల్సర్ లాంటివాటిలో ఒకటి కిందికి, మిగతావి పైకి. ఒకదాని మీద నేర్చుకుని ఇంకోటి కొంటే మొదటి వారం కాలు తికమకపడుతుంది, కంగారు పడకండి.

పాత డ్యూక్ చవగ్గా వస్తోంది. తీసుకుంటే తప్పేంటి?

చవగ్గా ఎందుకు వస్తోందో అడిగారా? అలాంటి బండి మీ దగ్గరికి వచ్చేలోపు ముగ్గురు నలుగురు కుర్రాళ్ల చేతుల్లో నలిగి ఉంటుంది. డిస్క్, ప్లాస్టిక్ ముక్కలు, టైరు, ఏది మార్చాలన్నా స్ప్లెండర్‌కి అయ్యేదానికి మూడింతలు. కొత్తగా నేర్చుకునేవాడి చేతికి ఆ పికప్ అసలు ఇవ్వకూడదు, ఇది మాత్రం నా అభిప్రాయం కాదనుకోండి, మీ అమ్మగారి అభిప్రాయం అనుకోండి.

నాకు చిన్నప్పట్నుంచి బుల్లెట్ అంటే పిచ్చి. మొదటి బండి అదే కొంటే?

190 కిలోల పైమాట. నడుస్తున్నప్పుడు ఆ బరువు తెలీదు, ఆగినప్పుడు తెలుస్తుంది, అందులోనూ మన ఊరు అంతా ఎత్తూ పల్లం. సిరిపురం సిగ్నల్ దగ్గర ఎత్తు మీద ఆగి, కాలు సరిగా ఆనక, నెమ్మదిగా పక్కకి ఒరిగిపోతున్న బుల్లెట్‌ని ఆపడం ఒక మనిషి వల్ల కాదు. ఓ ఏడాది చిన్న బండి మీద తిరిగి, అప్పుడు కొనుక్కోండి.

ఆర్ఎక్స్ 100 ఒకటి దొరికింది. పెట్టుబడిగా కూడా పనికొస్తుందంటున్నారు?

ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అంటే మీరు చూస్తున్నది దాదాపు ముప్పై ఏళ్ల బండి, సీ బుక్ (రిజిస్ట్రేషన్ కార్డు) ఎన్నిసార్లు రెన్యువల్ అయ్యుండాలో లెక్కేసుకోండి. ఒరిజినల్ సామాను దొరకదు, ఆయిలు పెట్రోల్లో కలుస్తూ ఉండాలి, బ్రేకులు పాతకాలం డ్రమ్ములు. సరదాకి రెండో బండిగా ఉంచుకునేవాళ్లది అది. రేపు పొద్దున ఇంటర్వ్యూకి టైముకి వెళ్లాల్సినవాడిది కాదు.

ఎక్కడ వెతకాలి? ఆటో కన్సల్టెన్సీలోనా, తెలిసినవాళ్ల దగ్గరా?

నా వరస ఇది: ముందు మీ ఇంటి దగ్గర మెకానిక్, తర్వాత ఆఫీసులోనూ అపార్ట్‌మెంట్‌లోనూ తెలిసినవాళ్లు, ఆ తర్వాతే కన్సల్టెన్సీ. మెకానిక్ దగ్గరికి సర్వీసుకి వచ్చే బళ్లలో ఏది సింగిల్ హ్యాండో, ఏది ఆయిలు తాగుతోందో అతనికి తెలుసు. అమ్మిపెట్టినందుకు ఓ వెయ్యి తీసుకుంటాడు, తీసుకోనివ్వండి. ఉక్కునగరంలోనూ షిప్‌యార్డు వైపూ రిటైరైపోయేవాళ్లు ఇరవై వేల కిలోమీటర్లు కూడా తిరగని బళ్లు అమ్ముతుంటారు, నా మూడో బండి అలా దొరికిందే. కన్సల్టెన్సీల్లో అందరూ మోసగాళ్లని అనను, కానీ అక్కడ బండి అసలు ఓనరు మీకు కనపడడు, ఆ ఒక్క కారణం చాలు నేను ఆఖర్న పెట్టడానికి.

నేవీ ఆయన బదిలీ అయిపోతూ బండి అమ్ముతున్నారు. నంబరు వేరే రాష్ట్రానిది. కొనొచ్చా?

బండి బాగుంటుంది, కాగితాల తిరుగుడు ఉంటుంది. ఆ రాష్ట్రం ఆర్టీవో నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, రావాలి (ఫారం 28), ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అప్పుడు ఏపీ నంబరు వస్తుంది. ఎన్ఓసీ చేతికి రాకుండా డబ్బు పూర్తిగా ఇవ్వొద్దు, ఆయన రేపు ముంబైకో కొచ్చికో వెళ్లిపోయాక సంతకం కోసం మీరు వెళ్లలేరు. నంబరు బీహెచ్ సిరీస్‌దైతే ఇంకో మెలిక. అది డిఫెన్స్, ప్రభుత్వ ఉద్యోగుల్లాంటి కొందరికే ఇచ్చే సిరీస్, ట్యాక్స్ రెండేళ్లకోసారి కడతారు. మీకు ఆ అర్హత లేకపోతే మామూలు నంబరుకి మార్చుకోవాల్సిందే. ఈ ఖర్చంతా ధరలో తగ్గించమని అడగండి, సాధారణంగా ఒప్పుకుంటారు.

## చూడ్డానికి వెళ్లినప్పుడు

ఏ టైమ్‌కి వెళ్లాలి? ఎవర్ని తీసుకెళ్లాలి?

పొద్దున్నే వెళ్లండి, చెప్పిన టైముకి అరగంట ముందే. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చే లోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లగా ఉన్నప్పుడు అది స్టార్టవడానికి ఏదో పేచీ పెడుతోంది. మెకానిక్‌ని తీసుకెళ్తే మూడొందలో ఐదొందలో ఇవ్వండి, కానీ అమ్మేవాడు పిలిపించిన మెకానిక్‌ని నమ్మకండి. సాయంత్రం చీకట్లో, వానలో బండి చూడొద్దు. తడిసిన బండి కొత్తదిలా మెరుస్తుంది.

ఇంజన్ బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది?

చల్లగా ఉన్న ఇంజన్‌ని సెల్ఫ్‌తో కాకుండా కిక్ కొట్టి స్టార్ట్ చెయ్యమనండి. రెండు మూడు కిక్కుల్లో అందుకోవాలి. సైలెన్సర్ వెనక నిలబడి యాక్సిలేటర్ ఇప్పించండి. నీలంగా పొగ వస్తూనే ఉంటే ఆయిలు కాలుతోంది, అంటే బోరు పని (ఇంజన్ సిలిండరు రిపేరు) దగ్గర పడింది, ఆరేడు వేలు తగ్గించుకోవాలి లేదా వదిలేయాలి. నల్ల పొగ అంత భయం కాదు, పెట్రోలు ఎక్కువ పోతోంది, ట్యూనింగ్‌తో పోవచ్చు. చలికాలం పొద్దున మొదటి నిమిషం తెల్లటి ఆవిరి వస్తే అది మామూలే. ఐదు నిమిషాలు వదిలేస్తే ఒకే తీరుగా ఆడుతూ ఉండాలి. పైభాగంలో గొలుసు ఊగినట్టు గలగల వస్తుంటే టైమింగ్ చైన్, క్లచ్ పట్టుకోగానే చప్పుడు మారితే క్లచ్ వైపు చూడాలి. ఇంజన్ బోల్టుల మూలలు చూడండి, పానాలు పడి అంచులు అరిగి ఉంటే ఇంజన్ విప్పారు. విప్పడం తప్పు కాదు, "అసలు విప్పలేదండీ" అని చెప్పడం తప్పు. ఓసారి మర్రిపాలెంలో ఒకాయన అలాగే చెబుతుంటే మా మెకానిక్ వంగి బోల్టు మీద గోటితో గీసి, "ఏటండీ, ఇది మీ కంపెనీవాళ్లే ఇలా కొరికారా?" అన్నాడు. ఆయనకి నవ్వొచ్చింది, మూడు వేలు తగ్గించాడు.

బీచ్ దగ్గర ఉండేవాళ్ల బండి కొనకూడదంటారు, నిజమేనా?

కొనకూడదని కాదు, అడుగున చూసి కొనాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ, ఈ వైపు బండిని సెల్లార్లో పెట్టినా ఉప్పుగాలి వదలదు. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది, తుప్పు కిందనుంచి తింటుంది. నేను రెండో బండి కోసం తిరుగుతున్నప్పుడు ఓ ప్యాషన్ చూశాను, ట్యాంకు అద్దంలా ఉంది, ధర ఇరవై మూడు వేలు, దాదాపు ఖాయం చేసేశాను. ఊరికే వంగి సైలెన్సర్ అడుగున చూపుడువేలితో తట్టాను. టీలో ముంచిన బిస్కెట్టులా పెచ్చు ఊడి అరచేతిలోకి వచ్చింది, లోపల వేలు పట్టేంత కన్నం. సెంటర్ స్టాండు బిగించే చోటా అదే కథ.

కాబట్టి మోకాళ్ల మీద కూర్చోండి, ప్యాంటు మాసిపోతే పోయింది. సైలెన్సర్ అడుగు, స్టాండు అతుకులు, వెనక చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింది భాగం, సీటు తీస్తే కనపడే ఛాసిస్, బ్యాటరీ కింద రేకు, చక్రం పుల్లలు రిమ్ములో దిగే చోట్లు. ట్యాంకు మూత తీసి ఫోన్ టార్చ్ వేసి లోపలికి చూడండి (అగ్గిపుల్ల కాదు నాయనా). గోధుమరంగు పొక్కులు కనపడితే ఆ తుప్పు పెట్రోలుతో పాటు కిందికి దిగుతుంది, కార్బురేటర్ బండి అయితే జెట్టు మూసుకుపోయి నెలకోసారి ఆగుతుంది, 2020 తర్వాతి ఇంజెక్షన్ బండి అయితే పంపు, ఇంజెక్టరు దాకా ఖర్చు లాగుతుంది. పైపై తుప్పు గీకి రంగేస్తే పోతుంది, ఛాసిస్ అతుకు దగ్గర తుప్పు కనపడితే మాత్రం ఎంత చవకైనా లేచి వచ్చేయండి.

వరదలో మునిగిన బళ్లు ఇక్కడికొచ్చి అమ్ముడవుతాయా? ఎలా కనిపెట్టాలి?

రాకుండా ఎవరాపుతారు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో బళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. పూర్వం నంబరు చూస్తే ఊరు తెలిసేది, ఏపీ 31 అంటే మనది, ఏపీ 16 అంటే కృష్ణా. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక అలా తెలీదు, ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఏ ఆర్టీవో ఆఫీసులో రిజిస్టరైందో చూడాలి. బండి దగ్గర చూడాల్సినవి: హెడ్‌లైటు, మీటరు అద్దాల లోపల తేమ మరక, ఎయిర్ ఫిల్టరు డబ్బా మూలల్లో ఎండిన బురద, వైర్లు కలిసే చోట పచ్చగా పట్టిన తుప్పు. ఇంజన్ ఆయిలు కొలపుల్ల తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగు ఉందంటే లోపల నీళ్లు ఉన్నాయి.

మీటర్లో 18,000 ఉంది, బండి ఎనిమిదేళ్లది. నమ్మొచ్చా?

ఎనిమిదేళ్లకి 18,000 అంటే రోజుకి ఆరు కిలోమీటర్లు. రిటైరైన మాస్టారు గుడికీ రైతుబజారుకీ తిరిగితే అంతే అవుతుంది, నిజమే కావచ్చు. కానీ పాత బళ్లలో మీటరు కేబుల్ ఊడదీస్తే అంకెలు ఆగిపోతాయి, కాబట్టి అంకెని కాదు, రబ్బర్లని నమ్మండి. ఫుట్‌రెస్టు రబ్బరు మీద గీతలు చెరిగి నున్నగా ఉంటే, గేర్ రాడ్డు కొస అరిగి మెరుస్తుంటే, హ్యాండిల్ గ్రిప్పులు కొత్తవి తొడిగి ఉంటే, అది బాగా తిరిగిన బండి. వెనక ఫుడ్ డెలివరీ పెట్టె కట్టిన ఒరిపిడి గుర్తులు కూడా చూసుకోండి, అలాంటి బండి రోజుకి వంద కిలోమీటర్లు తిరిగిందనుకోండి.

టెస్ట్ రైడ్ ఎక్కడ చెయ్యాలి, ఏం గమనించాలి?

వైజాగ్‌లో ఇదొక్కటే సుఖం, ఎత్తు కావాలంటే ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. కేజీహెచ్ డౌన్ లాంటి చోట కింది నుంచి పైకి ఎక్కించండి. ఇంజన్ గోల పెరుగుతోంది గానీ బండి వేగం పెరగట్లేదంటే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. సగం ఎత్తులో ఆపి మళ్లీ కదిలించండి. దిగేటప్పుడు ముందు బ్రేకు ఒకసారి, వెనకది ఒకసారి విడివిడిగా వేసి చూడండి. తిన్నటి రోడ్డు మీద నెమ్మదిగా పోతూ హ్యాండిల్ కుడికీ ఎడమకీ తిప్పితే మధ్యలో ఎక్కడో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్టు (హ్యాండిల్ మెడలో ఉండే బేరింగులు) పోయింది, అది పెద్ద ఖర్చు కాదు. బండి ఒక పక్కకే లాగుతుంటే మాత్రం ఎక్కడో గుద్దించారు. ముందు ఫోర్కు వంగిందా, ముందు చక్రం, వెనక చక్రం ఒకే వరసలో ఉన్నాయా అని పది అడుగుల వెనక నిలబడి చూడండి, ఛాసిస్‌కి వెల్డింగు కనపడితే వద్దు. టెస్ట్ రైడ్‌కి ఒప్పుకోనివాడి దగ్గర కొనొద్దు. ఎక్కేముందు బండికి ఇన్సూరెన్సు ఉందో లేదో అడగండి, లేని బండి నడుపుతూ పట్టుబడితే మొదటిసారికి 2,000 ఫైను.

## కాగితాలు, డబ్బు

సీ బుక్ చూపించాడు. ఇంకేం చూడాలి?

కార్డు ఉండటం కాదు, కార్డులో ఉన్నది బండి మీద ఉండాలి. ఛాసిస్ నంబరు హ్యాండిల్ మెడ దగ్గర, ఇంజన్ నంబరు ఇంజన్ అడుగువైపు కొట్టి ఉంటాయి. గుడ్డతో తుడిచి, తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు దిగుతాయి, సీ బుక్‌తో ఒక్కో అక్షరం కలపండి. అంకెల చుట్టూ గీకినట్టున్నా, రంగేసి కప్పినట్టున్నా డబ్బు జేబులోనే ఉంచుకోండి. తర్వాత ఎం-పరివాహన్‌లో నంబరు కొట్టి ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్స్ ఉందో, రిజిస్ట్రేషన్ ఎప్పుడు ముగుస్తుందో చూడండి. పెండింగ్ చలాన్లు కూడా చూసి, అమ్మేవాడి చేతే కట్టించండి. బండి మారినా చలాను బండితోనే వస్తుంది.

"ఓపెన్ ట్రాన్స్‌ఫర్ ఇస్తాం, మీకు కావాల్సినప్పుడు మార్చుకోండి" అంటున్నారు. పర్లేదా?

నేను మునిగింది ఇక్కడే. 2016లో ఒక కన్సల్టెన్సీలో ఇరవై రెండు వేలకి పల్సర్ కొన్నాను. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి "ఎప్పుడైనా మార్చుకోవచ్చు బాబూ, ఇప్పుడు ఖర్చెందుకు" అన్నారు, నాకూ ఆ ఖర్చు మిగిలిందని సంబరం. రెండేళ్ల తర్వాత అమ్ముదామని ఫారాలు తీసుకెళ్తే సంతకం కలవలేదు. అడ్రసు పట్టుకుని గోపాలపట్నం వెళ్తే, తలుపు తీసినావిడ ఆ బండి వంక చూసి "మా ఆయనది" అంది. ఆయన పోయి అప్పటికే ఏడాది దాటింది. ఓనరు చనిపోతే ముందు వారసుల పేరు మీదకి మారాలి, దానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, వారసత్వ కాగితాలు. ఆ ఇంట్లో ఆస్తి గొడవలు నడుస్తున్నాయి, నా సంతకాల కోసం ఎవరు తిరుగుతారు? చివరికి నేనూ ఆవిడా కలిసి వెళ్లి కాగితం రాసుకుని, సామాను కింద ఆరు వేలకి వదిలేశాను. ఇంజన్ మాత్రం చివరి రోజు దాకా బాగుంది.

చట్టం ప్రకారం అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి, ఫారాలు 29, 30. రిజిస్ట్రేషన్ ఎవరి పేరుంటే యాక్సిడెంటు నష్టపరిహారానికి వాళ్లే ఓనరని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కాబట్టి పేరు మారడం అమ్మేవాడికీ అవసరమే. ఇప్పుడు ఆన్‌లైన్లో చేసేటప్పుడు రిజిస్టర్డ్ ఓనరు ఫోనుకి ఓటీపీ వెళ్తుంది. అంటే మనిషి కావాలి, ఆయన ఫోనూ కావాలి. ఓనరుతో కూర్చుని అప్లికేషన్ పెట్టించి, అప్పుడు మిగతా డబ్బు ఇవ్వండి.

బండి మీద లోన్ అయిపోయిందంట, సీ బుక్‌లో ఇంకా ఫైనాన్స్ పేరు ఉంది. ఏం చెయ్యాలి?

లోను తీరిపోవడం వేరు, సీ బుక్‌లో ఆ పేరు కొట్టేయించడం వేరు. ఫైనాన్స్ వాళ్లిచ్చిన ఎన్ఓసీ, వాళ్లు సంతకం చేసిన ఫారం 35 ఉంటే ఆర్టీవోలో తీసేస్తారు. అమ్మేవాడినే చేయించి తెమ్మనండి. "ఎన్ఓసీ ఇంట్లో ఎక్కడో ఉంది" అంటే దొరికాకే మాట్లాడదామని చెప్పి వచ్చేయండి. లోను తీరని బండి అయితే అసలు మొదలుపెట్టొద్దు.

పదిహేనేళ్లు దాటిన బండి పదివేలకే వస్తోంది. తీసుకోవచ్చా?

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ఉంటుంది, తర్వాత బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి పాస్ చేస్తే ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. టూవీలరు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000కి పెరిగింది, ఆలస్యమైతే నెలకి 300 జరిమానా, పైన గ్రీన్ ట్యాక్స్. అప్పటికే రెన్యువల్ చేయించి, గడువు రెండు మూడేళ్లయినా మిగిలి ఉంటే ఆలోచించొచ్చు. గడువు దాటి ఏళ్లు గడిచిన బండి అయితే ఆ పదివేలు అడ్వాన్స్ మాత్రమే అనుకోండి.

ఇన్సూరెన్సు ఆయన పేరు మీదే ఉంది. అలాగే వాడుకోవచ్చా?

పేరు మారాక 14 రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి మీ పేరు మీదకి మార్పించుకోవాలి. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్లకి ఐదేళ్ల థర్డ్ పార్టీ కలిపే ఇస్తున్నారు, అందుకే ఆరేడేళ్ల బళ్లు చాలా వరకు ఆ ఐదేళ్లూ అయిపోయాక ఇన్సూరెన్సే లేకుండా తిరుగుతున్నాయి, ఓనర్లకి కూడా తెలీదు. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ 75 నుంచి 150 సీసీ దాకా 714, ఆ పైన 350 దాకా 1,366, జీఎస్టీ అదనం. పాతిక వేల బండికి ఫుల్ ఇన్సూరెన్సు నేనైతే తీసుకోను, థర్డ్ పార్టీ మాత్రం ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచను.

నాకు బేరం ఆడటం రాదు. ఎంత తగ్గించమని అడగాలి?

గాలిలో అంకె చెప్పకండి, పని చూపించండి. "టైర్లు రెండూ మార్చాలి, మూడున్నర. చైన్ సెట్టు అయిపోయింది, పద్నాలుగు వందలు. మొత్తం ఐదు వేలు తగ్గించండి" అంటే వినేవాడికీ మర్యాదగా ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది, ఆ పాత టైరు పైకి ఎంత బాగున్నా గట్టిపడి ఉంటుంది, అది చూపించండి. డబ్బు ఫోన్లోనే పంపండి, ఆధారం ఉంటుంది. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు" అంటే రానివ్వండి.

## కొన్న తర్వాత

బండి ఇంటికి తెచ్చాను. ముందేం చేయించాలి?

ఇంజన్ ఆయిలు మార్చండి, పాత ఓనరు నిన్ననే మార్చానన్నా సరే. తర్వాత బ్రేక్ షూలు, క్లచ్, యాక్సిలేటర్ కేబుళ్లు, స్పార్క్ ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు. చైను శుభ్రం చేయించి ఆయిలు వేయించండి. తాళం సెట్టు మార్చడం చాలామంది మర్చిపోతారు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో మీకు తెలీదు కదా. స్టిక్కర్లు, లైట్లు, సైలెన్సర్ మార్పులు ఇప్పుడే వద్దు. సముద్రం వైపు ఉండేవాళ్లు వారానికోసారి మంచినీళ్లతో అడుగు భాగం కడిగించండి.

ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే కదా, పాత బండికి ఏమైనా అవుతుందా?

2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్లు దానికి తగ్గట్టు తయారైనవి. అంతకుముందువాటిలో రబ్బరు పైపులు, సీళ్లు త్వరగా గట్టిపడే అవకాశం ఉంది, మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది. ఇథనాల్ తేమని లాగుతుంది, మన ఊళ్లో తేమకి కొదవ లేదు. నెలల తరబడి బండిని సగం ట్యాంకుతో నిలబెట్టకండి, సర్వీసుకి వెళ్లినప్పుడల్లా పెట్రోలు పైపు ఓసారి చూడమనండి. అంతకుమించి భయపడక్కర్లేదు.

ప్రాక్టీస్‌కి ఏ రోడ్లు మంచివి? ఎక్కడికి వెళ్లకూడదు?

మొదట గ్రౌండ్, తర్వాత ఆదివారం పొద్దున ఎంవీపీ కాలనీ లోపలి రోడ్లు. అవి అలవాటయ్యాక ఎత్తు మీద ఆగి కదలడం నేర్చుకోండి, ఈ ఊళ్లో అది రాకపోతే బండి వచ్చినట్టు కాదు. కుడికాలితో వెనక బ్రేకు నొక్కి ఉంచి, క్లచ్ మెల్లగా వదులుతూ బండి ముందుకి లాగుతున్నట్టు తెలియగానే యాక్సిలేటర్ కొంచెం ఇచ్చి, అప్పుడు బ్రేకు వదలాలి. వెనక్కి జారదు. ఎన్ఏడీ, హనుమంతవాక లాంటి హైవే జంక్షన్లు నెల తర్వాతే. కాన్వెంట్ జంక్షన్, సింధియా వైపు పోర్టు లారీలు తిరిగే రోడ్లకి కొత్తలో పోవద్దు, లారీ పక్కన ఉంటే డ్రైవరుకి మీరు కనపడరు.

హెల్మెట్ ఎంతలో కొనాలి? వెనకవాళ్లకి కూడా కావాలా?

ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అని ఉన్నది కొనండి. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ లేనివి అమ్మకూడదు, అయినా రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్ముతూనే ఉన్నారు. పెట్టుకుని తల ఊపితే కదలకూడదు. వెనకవాళ్లకీ కావాలి, 2024 సెప్టెంబరు నుంచి సిటీ పోలీసులు దాని మీద గట్టిగా ఉన్నారు. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ మాత్రం కొనొద్దు, అది ఎప్పుడు ఎక్కడ పడిందో పైకి తెలీదు.

మొదటి వారంలోనే బండి కింద పడేశాను. ఇంట్లో చెప్పాలా?

చెప్పండి, మోకాలు చూసి వాళ్లకే తెలుస్తుంది. హ్యాండిల్, బ్రేకు లివరు, ఫుట్‌రెస్టు వంగాయేమో చూసి తిన్నగా చేయించండి.

అరకు ఎప్పుడు వెళ్లొచ్చు?

అందరూ అడిగేది ఆఖర్న ఇదే. దాదాపు 115 కిలోమీటర్లు, శృంగవరపుకోట (ఎస్.కోట) దాటాక ఘాట్ మొదలవుతుంది. సిటీలో రెండు మూడు నెలలు తిరిగి, సింహాచలం కొండ మీదకి నాలుగైదు సార్లు ఎక్కి దిగి, దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకుండా రెండో గేరులోనే ఉంచి బ్రేకు తక్కువ వాడటం అలవాటయ్యాక వెళ్లండి. ఘాట్ అంతా బ్రేకు నొక్కుకుంటూ దిగితే డ్రమ్ము వేడెక్కి, సగం కొండ దగ్గర బ్రేకు పట్టడం మానేస్తుంది. వెళ్లే ముందు రోజు చైను, టైర్ల గాలి, బ్రేకులు చూపించుకోండి. పెట్రోలు ఎస్.కోటలో నింపేసుకోండి. తెల్లవారుజామున బయల్దేరితే అనంతగిరి దగ్గర మంచు దొరుకుతుంది, చీకటి పడకముందే ఘాట్ దిగేయండి.